ఫ్రేము చూసి అద్దం వెయ్యాలి

ఇప్పుడు కళ్ళజోళ్ళ షాపుకి వెళ్తే ముందుగా సైటు ఎంతని అడిగేవాడు కనపడడు. ఏసీ గదిలో బల్ల వెనక నుంచున్న కుర్రాడు నోరు తెరవగానే "వన్ పాయింట్ ఫైవ్ సిక్స్ ఉంది సార్, వన్ పాయింట్ సిక్స్ ఉంది, సిక్స్ సెవెన్ ఉంది, టాప్ అయితే సెవెన్ ఫోర్" అని ఏకరువు పెడతాడు. వచ్చినాయన ఒక్క క్షణం తెల్లమొహం వేసి, పక్కనున్న భార్య ముందు తగ్గడం ఇష్టంలేక "టాప్‌దే వేసెయ్యండి" అంటాడు. ఆ అంకె దేన్ని కొలుస్తుందో కొన్నాయనకీ తెలియదు, చాలాచోట్ల అమ్మినవాడికీ తెలియదు.

మా రోజుల్లో ఈ గొడవ లేదు. జనం డాక్టరుగారి చీటీ పట్టుకొచ్చేవారు. పెద్దాసుపత్రి చీటీ అయితే చదవడానికి మాకే కళ్ళజోడు కావాలి, అది వేరే సంగతి. అందులో ప్లస్సో మైనస్సో సైటు, సిలిండరు ఉంటే దాని యాక్సిస్, చత్వారం వచ్చినవాళ్ళకి దగ్గరచూపు కోసం మరికొంత. అంతే. లెన్సు దేనితో చేశారని అడిగే ప్రసక్తే లేదు, ఉన్నది గాజు ఒక్కటే. నేను కాకినాడ మెయిన్ రోడ్డులో ఒక షాపు వెనకగదిలో ఫిట్టరుగా చేరి, సానచక్రం ముందే జుట్టు నెరుపుకున్నవాణ్ణి. ఇదంతా ముసలాడి కడుపుమంట అనుకునేరు. కాస్త అదీ ఉంది గానీ, ఎక్కువ పాలు లెక్క.

గాజుతో పని అంటే ఇప్పటి పిల్లలకి ఎలా తెలుస్తుంది! ఫ్రేము ఆకారానికి అట్టముక్క కత్తిరించుకుని, గాజు మీద పెట్టి, డైమండ్ పెన్సిలుతో చుట్టూ గీత గీసి, పట్టకారుతో అంచుల్ని కొంచెం కొంచెంగా కొరకాలి. పట్టకారు ఒక్క వెంట్రుకవాసి ఎక్కువ కరిచిందా, బీటు నడిమధ్య దాకా పాకుతుంది. ఆ తర్వాత నీళ్ళు కారుతున్న సానచక్రం మీద అంచు అరగదీసి, ఫ్రేము గాడిలో కూర్చునేలా రెండు వాలులు తీయాలి. లెన్సు సైటు చూడ్డానికి మిషను ఉన్న షాపులు తక్కువ. గోడ మీద గీసిన అడ్డగీతని లెన్సులోంచి చూస్తూ చెయ్యి అటూ ఇటూ కదిపితే, గీత చేతికి ఎదురు కదిలితే ప్లస్, చేతితోపాటు కదిలితే మైనస్. ట్రయల్ పెట్టెలోంచి దానికి విరుగుడు లెన్సు తీసి జోడించుకుంటూ పోవాలి. గీత కదలడం ఆగిపోయిన చోట సైటు దొరికినట్టే. ఇప్పుడు మిషను మీద పెడితే అంకె అదే పడుతుంది. పడనివ్వండి.

ఆ గాజుకీ ఒక అంకె ఉండేది. క్రౌన్ గాజు అనేవాళ్ళం, దాని ఇండెక్స్ 1.523. ఎవరూ అడిగేవారు కారు గనక మేమూ చెప్పేవాళ్ళం కాదు. పదో తరగతి భౌతికశాస్త్రంలో వక్రీభవన గుణకం అని చదివి, పరీక్ష రాసి, మర్చిపోయింది ఇదే. శూన్యంలో కాంతి సెకనుకి సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. క్రౌన్ గాజులోకి వచ్చేసరికి ఆ వేగం 1 లక్షా 97 వేలకు తగ్గుతుంది. మొదటి అంకెని రెండో అంకెతో భాగిస్తే 1.523. ఇప్పుడు టాప్ అని అమ్మే 1.74 ప్లాస్టిక్కులో వేగం 1 లక్షా 72 వేల చిల్లర. వేగం ఎంత తగ్గితే, వాలుగా తగిలిన కిరణం అంత ఎక్కువ వంగుతుంది. ఎంత వంగుతుందనే సూత్రం హాలెండులో స్నెల్ 1621లో కట్టాడని పుస్తకాల్లో ఉంటుంది. బాగ్దాదులో ఇబ్న్ సహల్ అనే ఆయన 984లోనే రాసిపెట్టాడు. పేరు మాత్రం స్నెల్‌కి దక్కింది.

వంపు అనేది పదార్థం ఒక్కదానితో తేలదు, దాని పక్కన ఏముందో కూడా చూడాలి. చిన్నప్పుడు కాలవలో మునిగి కళ్ళు తెరిచినవాళ్ళకి అనుభవమే, అడుగునున్న రాళ్ళు కూడా మసగ్గా ఉంటాయి. మన కంటి ముందున్న పారదర్శకమైన పొర ఇండెక్స్ 1.376, నీళ్ళది 1.33. రెండూ దగ్గర దగ్గర కాబట్టి అక్కడ కాంతి పెద్దగా వంగదు, కన్ను తన బలంలో చాలావరకు పోగొట్టుకుంటుంది. గట్టెక్కి గాలిలోకి వస్తే మళ్ళీ మామూలే.

ఇక కళ్ళజోడు విషయానికి. లెన్సు సైటుని రెండు సంగతులు తేలుస్తాయి. ఒకటి రెండు ముఖాల వంపుల్లో ఉన్న తేడా, రెండోది ఇండెక్స్‌లోంచి 1 తీసేస్తే మిగిలేది. రెంటినీ గుణిస్తే సైటు వస్తుంది. ఇండెక్స్ పెరిగితే వంపు తగ్గించుకోవచ్చు. వంపు తగ్గితే అంచు పలచబడుతుంది. హై ఇండెక్స్ మహిమ ఇంతే, ఇంకేమీ లేదు. మా దగ్గర జెనీవా లెన్స్ క్లాక్ అని చేతి గడియారమంత పరికరం ఒకటి ఉండేది. దాని మూడు సూదుల్నీ లెన్సు మీద ఆనిస్తే ముల్లు తిరిగి వంపుని సైటుగా చూపిస్తుంది. అది 1.53 ఇండెక్స్‌కి లెక్కకట్టి చేసిన పరికరం, అంటే గాజుకాలంది. దాన్ని ఇప్పటి 1.74 మైనస్ ఆరు లెన్సు రెండువైపులా పెట్టి లెక్క కడితే మైనస్ నాలుగు పాయింటు మూడే చూపిస్తుంది. పరికరం చెడిపోలేదు. వంపు నిజంగానే అంత తగ్గింది, మిగతా పని పదార్థం చేస్తోంది.

అంచేత ఇండెక్స్ అంకె పెద్దదైతే సరుకు గొప్పదని కాదు. ఉప్పాడ నుంచి నేతపనివాళ్ళు చత్వారం అద్దాల కోసం మా షాపుకే వచ్చేవారు, వాళ్ళకి ఈ మాట చెప్పక్కర్లేకుండా అర్థమయ్యేది. నూలుకి కౌంటు ఉంటుంది. పొందూరు ఖద్దరుకి వంద కౌంటు నూలు వడుకుతారు. కౌంటు పెరిగిందంటే దారం సన్నబడిందని అర్థం. అలాగని కండువాకీ, తువ్వాలుకీ, దుప్పటికీ అన్నిటికీ వంద కౌంటే కావాలని ఏ సాలెవాడూ అనడు. ఇండెక్స్ కూడా సన్నదనం చెప్పే అంకె. చూపు బాగుంటుందా, గీతలు పడతాయా, పగులుతుందా అన్నవి ఆ అంకె జవాబు చెప్పని ప్రశ్నలు.

మేం ఇండెక్స్ వాడుకోలేదని మాత్రం అనుకోకండి. క్రిప్టాక్ బైఫోకల్ అని ఉండేది. బిల్లులో కేటీ అని రాసేవాళ్ళం. క్రౌన్ గాజు లెన్సు కింది భాగంలో చిన్న గుంట తీసి, అందులో ఇండెక్స్ ఎక్కువున్న ఫ్లింట్ గాజు ముక్క పెట్టి, కొలిమిలో కరిగించి కలిపేసేవారు. పైన వేలు పెట్టి రాస్తే గీత తగిలేది కాదు. ముఖం వంపు అంతటా ఒకటే అయినా కింద పదార్థం మారడం వల్ల సైటు మారేది. దూరం చూడాలంటే పైనుంచి, పేపరు చదవాలంటే కిందనుంచి. ఫ్లింట్ గాజు రంగుల్ని కొంచెం విడగొడుతుంది. చదివేటప్పుడు అక్షరాల చుట్టూ పసుపు నీలం అంచు కనపడుతోందని కొందరు లెక్కలు చూసే గుమాస్తాలు గొణిగేవారు. ఆ గొణుగుడు గుర్తుపెట్టుకోండి, తర్వాత దానితో పని ఉంది.

గాజు తర్వాత ప్లాస్టిక్కు వచ్చింది. సీఆర్-39 అని పేరు. అమెరికాలో పిట్స్‌బర్గ్ ప్లేట్ గ్లాస్ వాళ్ళ పిల్ల కంపెనీ ఒకటి 1940 ప్రాంతంలో వరసగా రెజిన్లు తయారుచేస్తూ పోతుంటే 39వది పనికొచ్చిందట. యుద్ధంలో బాంబర్ విమానాల పెట్రోలు ట్యాంకులకి వాడారు. యుద్ధం అయ్యాక 1947లో కాలిఫోర్నియాలో ఆర్మర్‌లైట్ అనే కంపెనీ దాన్ని కళ్ళజోళ్ళలోకి తెచ్చింది. ఇండెక్స్ 1.498, గాజుకంటే పిసరంత తక్కువే. ఘన సెంటీమీటరు బరువు మాత్రం 1.32 గ్రాములు, గాజుది 2.54. సగానికి సగం అన్నమాట. మా షాపులోకి వచ్చిన కొత్తలో జనం చేత్తో తూచి "ఇదేంటండీ, బొమ్మ కళ్ళజోడిస్తున్నారు?" అని తిరిగిచ్చేసేవారు. పంచె చెంగుతో తుడిస్తే గీతలు పడేవి. కోటింగులు వచ్చాక ఆ బాధ తగ్గింది. ముక్కు మీద ఎర్రటి గుంటలు పడడం మాత్రం అప్పటినుంచే పోయింది. దాన్ని మాత్రం నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను.

ఆ తర్వాత వచ్చిందే ఈ అంకెల సంత. 1.56, 1.6, 1.67, 1.74.

మా పెద్ద మనవరాలికి మైనస్ ఆరు. ఇంజనీరింగు చదువుతోంది. సెలవులకి వచ్చినప్పుడు ఒక షోరూములో (పేరెందుకులెండి) కొత్త కళ్ళజోడు చేయించుకుని "తాతయ్యా, 1.74 వేయించాను, ఇక సోడాబుడ్డి అనేవాళ్ళుండరు" అని తెచ్చి చూపించింది. చేతిలోకి తీసుకుని చూద్దును కదా, చెవి వైపు అంచు ఫ్రేములోంచి అంత మేర బయటికి పొడుచుకొచ్చి ఉంది. కాడ లోపలివైపు చూశాను. 56, పక్కన చిన్న చదరం, 18 అని ఉంది. ఒక్కో కన్ను 56 మిల్లీమీటర్ల వెడల్పు, మధ్య ముక్కు వంతెన 18. ఆ పిల్ల మొహానికి అది కళ్ళజోడు కాదు, కిటికీ.

ఇక్కడ కాస్త ఓపిక పట్టండి, లెక్క చెప్తాను. ఫ్రేములో రెండు కన్నుల మధ్యబిందువుల దూరం 56, 18 కలిపితే 74. మనవరాలి కనుపాపల మధ్య దూరం, మేం పీడీ అంటాం, 62. తేడా 12, కంటికి 6. అంటే లెన్సులో చూపు నడిమి బిందువు ఫ్రేము నడుమ ఉండదు, 6 మిల్లీమీటర్లు ముక్కువైపు జరగాలి. అలా జరిగితే చెవివైపు అంచు ఆ బిందువుకి ఎంత దూరం? సగం వెడల్పు 28, జరిగింది 6, మొత్తం 34. మైనస్ లెన్సు నడుమ పల్చన, అంచుకి పోయేకొద్దీ మందం. ఆ మందం దూరంతోపాటు పెరిగితే బాగానే ఉండును, దూరం వర్గంతో పెరుగుతుంది. అసలు మోసమంతా ఈ వర్గంలోనే ఉంది.

34ని 34తో గుణించి, ఆరు సైటుతో గుణించి, రెండువేలతో భాగించి, ఇండెక్స్‌లోంచి 1 తీసేసిన దానితో మళ్ళీ భాగిస్తే, నడుమకంటే అంచు ఎంత మందమో వస్తుంది. 1.74 ప్లాస్టిక్కుకి అది సుమారు 4.7 మిల్లీమీటర్లు. నడుమ మందం 1.2 వేసుకున్నా దాదాపు 6 మిల్లీమీటర్ల అంచు.

ఇప్పుడు నా కాలం కళ్ళజోడు తీసుకోండి. 44 వెడల్పు, 20 వంతెన. కలిపితే 64. 62 పీడీకి కంటికి ఒక్క మిల్లీమీటరు జరిపితే చాలు. బిందువునుంచి అంచుకి 23. అదే లెక్క క్రౌన్ గాజుకి కడితే 3 మిల్లీమీటర్లు. గాజు నడుమ 2 ఉంచినా మొత్తం 5. అంటే మా పాతకాలపు మొద్దు గాజు, చిన్న ఫ్రేములో, ఆ పిల్ల మోస్తున్న టాప్ లెన్సుకంటే దాదాపు ఒక మిల్లీమీటరు పల్చన! ఆస్ఫెరిక్ అని ముఖాన్ని ఇంకాస్త చదును చేస్తారు, దానితో కొంచెం తగ్గుతుంది, కాదనను. అయినా వరస మారదు. అదే చిన్న ఫ్రేములో 1.6 వేస్తే నడుమ 1.5 ఉంచి అంచు 4.1 దగ్గర ఆగిపోతుంది. 1.74 కంటే ధర ఎంత తక్కువో మీరే షాపులో అడగండి.

ఈ లెక్క చెప్పడానికి షోరూముకి నేనే వెళ్ళాను. కౌంటరు కుర్రాడు చిరునవ్వు చెరగనివ్వకుండా "అంకుల్, ఇప్పుడు ఓవర్‌సైజ్ ట్రెండ్" అన్నాడు. ట్రెండు సరే నాయనా, వర్గం చేసిన పని ఎవరు దిద్దుతారు? మా రోజుల్లో మైనస్ ఎక్కువున్న పిల్ల వస్తే ముందు ఫ్రేము పెట్టె తెరిచి చిన్న సైజులు తీసి బల్ల మీద పరిచేవాళ్ళం. "అమ్మా, నీకు పెద్ద ఫ్రేము నప్పదు, గుండ్రంది తీసుకో" అని చెప్పేవాళ్ళం. పిల్ల మొహం మాడ్చుకునేది, తల్లి నచ్చజెప్పేది. అద్దం సంగతి తర్వాతే వచ్చేది. ఇప్పుడు ఎవరికి ఏ ఫ్రేము నచ్చితే అది ఇచ్చేసి, దానివల్ల వచ్చిన మందాన్ని తగ్గించడానికి ఖరీదైన అద్దం అంటగడుతున్నారు. రోగం వాళ్ళదే, మందూ వాళ్ళదే.

సరే, ఆరు సైటు వాళ్ళ సంగతి అలా ఉంచండి. మైనస్ రెండు ఉన్నవాళ్ళకి కూడా 1.74 అమ్ముతున్నారు, అదీ నా అసలు మంట. నడిమి బిందువునుంచి 25 మిల్లీమీటర్ల దూరంలో రెండు సైటుకి 1.5 లెన్సు అంచు నడుమకంటే 1.25 మిల్లీమీటర్లు ఎక్కువ, 1.74 అయితే 0.85. తేడా 0.4. ఆ తేడా ఫ్రేము గాడిలోనే దాక్కుంటుంది, పెట్టుకున్నవాడికీ కనపడదు, చూసేవాడికీ కనపడదు. ఇక చదువుకోవడానికి ప్లస్ ఒకటిన్నర, రెండు వాడే మా వయసువాళ్ళకి ఇండెక్స్ పేరెత్తడమే దండగ. కంటి వెలుగు అని తెలంగాణలో 2018లో, మన ఆంధ్రలో 2019లో సర్కారు ఊరూరా కళ్ళు పరీక్షించి కళ్ళజోళ్ళిచ్చింది. అక్కడ ఎవరూ అవ్వని కూర్చోబెట్టి సిక్స్ సెవెనా, సెవెన్ ఫోరా అని అడగలేదు.

ఇండెక్స్ పెరిగితే పోయేవి కూడా ఉన్నాయి, వాటి ఊసు కౌంటరు దగ్గర రాదు. క్రిప్టాక్ గుమాస్తాల గొణుగుడు గుర్తుంది కదా? జర్మనీలో యేనా ఊళ్ళో జైస్ కంపెనీకి పనిచేసిన ఎర్నెస్ట్ ఆబె అనే ఆయన పేరుమీద ఒక అంకె ఉంది. లెన్సు పదార్థం రంగుల్ని ఎంత తక్కువ విడగొడితే ఆ అంకె అంత ఎక్కువ. క్రౌన్ గాజుకీ, సీఆర్-39కీ 58 చుట్టుపక్కల. 1.6 ప్లాస్టిక్కుకి 41. 1.67, 1.74 రెండూ 32 దగ్గర. దెబ్బకి పగలని పాలీకార్బనేట్‌కి 30. అంటే మీరు టాప్ అనుకుని కొన్నది ఈ వరసలో దాదాపు అడుగున ఉంది. లెన్సు నడుమనుంచి చూసినంతసేపూ ఏమీ తెలియదు. సైటు ఎక్కువై, పక్కకి కన్ను తిప్పి ట్యూబులైటు అంచు చూస్తే ఒకవైపు నీలం, ఇంకోవైపు పసుపు పీచు కనపడుతుంది. మా మనవరాలిని చూడమన్నాను. "అవును తాతయ్యా, నా కళ్ళే అలాగనుకున్నాను" అంది. డబ్బు పెట్టి కొనుక్కున్న లోపాన్ని కళ్ళ మీదికి తోసుకుంది పాపం.

రెండోది మెరుపు. ఇండెక్స్ ఎక్కువైతే లెన్సు ముఖం మీదనుంచి వెనక్కి తిరిగిపోయే వెలుతురు కూడా ఎక్కువవుతుంది. 1.5 లెన్సు ఒక్కో ముఖం సుమారు 4 శాతం వెలుతురుని తిప్పికొడుతుంది, 1.74 అయితే 7 శాతం పైనే. రెండు ముఖాలూ కలిపితే ఒకదానికి 8, ఇంకోదానికి 14. అందుకే హై ఇండెక్స్‌కి ఆ మెరుపుని తగ్గించే ఏఆర్‌సీ కోటింగు తప్పదు. కౌంటరులో దాన్ని కానుకలా చెప్తారు. అది లేకపోతే ఆ లెన్సు ఎవరూ పెట్టుకోరు.

మూడోది బరువు. పల్చన గనక తేలిక అనుకుంటారు. 1.74 పదార్థం ఘన సెంటీమీటరుకి 1.47 గ్రాములు, సీఆర్-39 కంటే బరువే. పల్చనవడం వల్ల కలిసొచ్చేది సైటు ఎక్కువున్నప్పుడే. అదీగాక ఆ ప్లాస్టిక్కులో గంధకం ఉంటుంది. అంచు అరగదీసేటప్పుడు గదంతా కుళ్ళిన గుడ్ల కంపు. ఇప్పటి ఫిట్టర్లు ముక్కుకి గుడ్డ కట్టుకుని పనిచేస్తారు. మా గాజు పొడి ఊపిరితిత్తుల్లోకి పోయేది గానీ కంపు మాత్రం కొట్టేది కాదు!

కళ్ళు చిన్నవిగా కనపడవని ఇంకో అబద్ధం అంటగడతారు. మైనస్ లెన్సు వెనక కళ్ళు చిన్నగా కనపడడం సైటు వల్ల, కంటికీ లెన్సుకీ ఉన్న ఎడం వల్ల. ఆరుకి ఆరే, ఏ పదార్థంతో చేసినా. ఫ్రేము కంటికి కాస్త దగ్గరగా కూర్చునేలా ముక్కు ప్యాడ్లు సర్దితే కొంచెం నయం. దానికి డబ్బులక్కర్లేదు, చిన్న పట్టకారు చాలు.

పాత అంతా బంగారం అని నేననను. గాజు లెన్సు పెట్టుకున్న పిల్లాడు గోళీలాటలోనో, బంతాటలోనో పడితే తల్లి గుండె ముందు కంటికోసం కొట్టుకునేది. పాలీకార్బనేట్ వచ్చాక ఆ భయం పోయింది. సుత్తి దెబ్బకీ పగలదు. ఇండెక్స్ 1.586, రంగులు విడగొట్టే గుణం మాత్రం ఎక్కువే. అయినా బడికెళ్ళే పిల్లలకి నేనైనా అదే వేస్తాను. అమెరికావాళ్ళు 2001లో తెచ్చిన ట్రైవెక్స్ ఇంకా నయం. ఇండెక్స్ 1.53, ఆబె అంకె 43 పైచిలుకు, బరువు 1.11, అన్నిటికంటే తేలిక, దెబ్బకీ ఆగుతుంది. దాని అంకె చిన్నది గనక టాప్ అనడానికి వీల్లేదు, అందుకేనేమో చాలా కౌంటర్లలో దాని పేరే వినపడదు.

సోడాబుడ్డి అన్న మాట కూడా మా కాలంలో చాలామంది ఆడపిల్లల్ని ఏడిపించింది. పెళ్ళిచూపులకి కళ్ళజోడు తీసేసి, వచ్చినవాళ్ళలో పెళ్ళికొడుకు ఎవరో గుర్తుపట్టలేక అవస్థపడ్డ పిల్లలు నాకు తెలుసు. శుక్లం ఆపరేషను అయిన ముసలివాళ్ళకైతే ప్లస్ పది అద్దాలు, కళ్ళు చేపకళ్ళంత కనపడేవి, గుమ్మం ఎక్కడుందో తెలియక తగులుకునేవారు. కంట్లోనే లెన్సు అమర్చడం లండనులో హెరాల్డ్ రిడ్లీ 1949లోనే మొదలుపెట్టాడు. మన దగ్గర అది మామూలు జనానికి అందడానికి చాలా కాలం పట్టింది. మదురైలో అరవింద్ ఆసుపత్రి వాళ్ళ ఆరోలాబ్ 1992లో ఆ లెన్సుల్ని చవగ్గా తయారుచెయ్యడం మొదలెట్టింది. ప్లస్ పది అద్దాలు చెయ్యడం ఆగిపోయిన రోజున మా గిరాకీ కొంత పోయింది. పోతే పోయింది.

మెచ్చుకోవలసింది మెచ్చుకున్నాను గనక మళ్ళీ సణుక్కుంటాను. పీడీ కొలవడం చూశారా ఇప్పుడు? ఫోను కెమెరా మొహం ముందు పెట్టి, గుడ్డిగా ఒక అంకె పడేస్తారు. కొన్ని చోట్ల అదీ లేదు, ఫ్రేము నడుమే కన్ను నడుమ అని కొట్టి పంపిస్తారు. మైనస్ ఆరు లెన్సు కేంద్రం కంటికి 3 మిల్లీమీటర్లు పక్కకి జరిగితే 1.8 ప్రిజమ్ పడుతుంది, అంటే బొమ్మ అంత పక్కకి జరుగుతుంది, కన్ను దాని వెంట తిరగాలి. రెండు కళ్ళకీ కలిపితే ఇంకా ఎక్కువ. సాయంత్రానికి తలనొప్పి. కొన్నవాడు తలనొప్పి కంప్యూటరు వల్ల అనుకుంటాడు. మళ్ళీ షాపుకి వెళ్తే నీలికాంతిని ఆపే బ్లూకట్ లెన్సు వేస్తారు. ఆ బ్లూకట్ కళ్ళ అలసటని తగ్గిస్తుందనడానికి సరైన ఆధారం దొరకలేదని 2023లో కాక్రేన్ సమీక్ష తేల్చింది. మేం స్కేలు మొహం మీద పెట్టి, ఎదుటివాణ్ణి మా ఎడమకన్ను చూడమని, తర్వాత కుడికన్ను చూడమని, మిల్లీమీటరు తేడా లేకుండా కొలిచేవాళ్ళం. తప్పొస్తే యజమాని మా జీతంలోంచి గాజు ఖరీదు కోసేవాడు. అంచేత ఎక్కువగా తప్పొచ్చేది కాదు.

షాపుకి వెళ్ళేవాళ్ళకి నేను చెప్పేది ఇదీ. రెండు లోపు సైటుంటే 1.5 అద్దం, దానిమీద మంచి కోటింగు చాలు. నాలుగు దాటితే 1.6 అడగండి. ఆరు, ఎనిమిది ఉన్నవాళ్ళు ముందు చిన్న ఫ్రేము ఏరుకోండి. ఫ్రేములో ఒక కన్ను వెడల్పూ, వంతెన వెడల్పూ కలిపితే మీ పీడీకి దగ్గరగా ఉండాలి. అప్పటికీ మందం అనిపిస్తే 1.67 దాకా వెళ్ళండి, 1.74 ఆఖరి మాట. రంధ్రాలు వేసి బిగించే రిమ్‌లెస్ కావాలంటే 1.6 నమ్మకస్తురాలు, 1.74 రంధ్రం దగ్గర పెళుసు. పిల్లలకి ఇండెక్స్ మాట మర్చిపోయి పగలనిది వేయించండి. చివరిగా, బిల్లు మీద లెన్సు పదార్థం పేరు, ఇండెక్స్, ఆబె అంకె, మీ పీడీ నాలుగూ రాసిమ్మనండి. రాయనన్న షాపులో కొనకండి.